దానికేం కాలేదట

పదకొండు దాటింది. బాపు పడుకున్నాడు, తమ్ముడు మళ్ళీ చేను కావలికి పోయాడు. నాకు నిద్ర పట్టట్లేదు. అంతా ఆ వీడియో వల్లే.

మధ్యాహ్నం అన్నం తింటుంటే తమ్ముడు ఫోన్ తెచ్చి నా కంచం ముందు పెట్టాడు. నిన్న రాత్రి మా మక్క చేలో మనుబోతు, అదే నీల్గాయి, పడిందట. వీడూ, వీడి దోస్తులూ బండ్ల మీద హెడ్‌లైట్లు వేసుకుని దాన్ని తరిమారు. ఒక పక్క మేము కట్టిన పాత చీరల కంచె, ఇంకో పక్క కాలువ. దానికి పోయే తోవే లేదు. అటు ఉరికితే ఒక బండి, ఇటు ఉరికితే ఇంకో బండి. ఈలలు, కేకలు, మధ్యలో ఎవడో పగలబడి నవ్వడం. ఒకడైతే దాని పక్కనే బండి నడుపుతూ ఫోన్ ఎత్తి తన మొహం కూడా పడేలా తీసుకున్నాడు. లైటు వెలుగులో దాని నోటి వెంట నురగ తెల్లగా కనిపిస్తోంది. చివరికి చీర తెంపుకుని చీకట్లోకి పోయింది.

"ఎంత బెదిరిందో చూడు తమ్మీ" అన్నాను.

"దానికేం గాలే అక్కా. ఎట్ల ఉరికిందో నువ్వే చూడు."

బాపు తలెత్తకుండానే, "మనకైంది గద బిడ్డా" అన్నాడు.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. చేను చూసొచ్చాను. కాలువ గట్టు పొడవునా కంకులు కొరికేసి ఉన్నాయి, తిన్నదానికంటే తొక్కింది ఎక్కువ. సగం మనుబోతు తొక్కింది, సగం ఈ బండ్లు తొక్కినవి. ఆ సంగతి తమ్ముడితో అంటే మొహం చిట్లించుకున్నాడు.

సరే, అక్కడితో అయిపోతే ఈపాటికి నేనూ పడుకునేదాన్ని. సాయంత్రానికి ఆ వీడియో ఇంటివాళ్ళ గ్రూపులోకి వచ్చింది. చిన్నత్త నవ్వు బొమ్మలు పెట్టింది. పిల్లలకు అన్నం తినిపిస్తూ చూపించానని మరదలు రాసింది. హైదరాబాద్‌లో ఉండే మేనల్లుడు దానికి పాట కలిపి మళ్ళీ పంపాడు. నేను "ఇట్ల చెయ్యొద్దు" అని పెడితే, "జీతం తీసుకునేటోళ్ళకు చేను బాధ ఏం తెలుస్తది" అని ఒకరు. నా స్కూల్ జీతంతోనే విత్తనాలు కొన్నామని గ్రూపులో అందరికీ తెలుసు. అయినా ఆ మాట. చేను బాధ తెలిసినవాళ్ళు దాన్ని బయటికి తోలాలి గాని, చేలోనే గుండ్రంగా తిప్పుతారా? అది పంటను కాపాడుకోవడం కాదు. తిరునాళ్ళలో ఆట. అదే రాద్దామనుకుని, రాసి, తుడిపేశాను.

కోపం కంటే ఎక్కువగా "దానికేం గాలే" అన్న మాట గుచ్చుకుంటోంది. ఇదే మాట చిన్నప్పుడు విన్నాను.

నేను ఆరో తరగతో, ఏడో తరగతో. చిన్నాయన చేలో మెట్ల బావి ఉండేది. ఎండాకాలం, అడుగున మోకాలి లోతు నీళ్ళు. తెల్లారి చూస్తే అందులో చుక్కల దుప్పి. ఆడది. కుక్కలు తరిమితే పడిందన్నారు. ఊరంతా కదిలింది. మోకులు తెచ్చారు, నులకమంచం దింపారు, నలుగురు మగవాళ్ళు లోపలికి దిగి దాన్ని మంచానికి కట్టి పైకి లాగారు. మా పిల్లలకైతే జాతరే. పైకి వచ్చాక చూస్తే ఒంటి మీద ఒక్క గీత లేదు. కాలు విరగలేదు, నెత్తురు లేదు. "దానికేం గాలే, దేవుని దయ" అన్నారు అందరూ.

వేపచెట్టు కింద నిలబెట్టారు. మెడకు తాడు. అది కదలలేదు. మేము మీద చేతులు వేశాం. ఎంత మెత్తగా ఉందో ఆ వెంట్రుక! నేను చెవి పట్టుకున్నాను కూడా. బెదరలేదు, తన్నలేదు. "మచ్చికైంది" అన్నాడు చిన్నాయన. ఎవరో చింతాకు మూతి దగ్గర పెట్టారు, తినలేదు. ఒకామె నుదుట పసుపు పెట్టింది. పక్క ఊరి నుంచి కూడా జనం వచ్చారు. ఊపిరి మాత్రం చాలా గబగబా తీసుకుంటోంది, పక్కటెముకలు ఎగిరెగిరి పడుతున్నాయి. అలసిపోయిందిలే అనుకున్నాం. ఫారెస్టోళ్ళకు కబురు పోయింది, వాళ్ళు పొద్దున్నే వస్తామన్నారు. రాత్రికి పశువుల కొట్టంలో కట్టేశారు.

తెల్లారేసరికి చచ్చిపోయింది.

కుక్క కరిచిన విషం అన్నారు కొందరు, బావి నీళ్ళు మింగిందన్నారు ఇంకొందరు. అవ్వ మాత్రం, "అన్ని కండ్లు పడితే బతుకుతదా" అంది. దిష్టి అని ఆమె ఉద్దేశం. చాలా ఏళ్ళు ఆ మాట పిచ్చిదనుకున్నాను. తర్వాత పశువుల డాక్టరు ఒకాయన చెప్పారు. అడవి జంతువును తరిమినా, పట్టి కట్టేసినా ఒక్కోసారి ఇలాగే అవుతుందట. క్యాప్చర్ మయోపతి అంటారు. భయానికీ పెనుగులాటకూ కండరాలు లోపల్లోపలే దెబ్బతింటాయి, వాటిలోంచి వచ్చేది రక్తంలో కలిసి మూత్రపిండాలను పాడు చేస్తుంది. జింకలకు ఇది మరీ ఎక్కువ. కొన్ని గంటల్లో చావచ్చు, కొన్ని రోజులకు చావచ్చు. కదలకుండా నిలబడటం మచ్చిక కాదు, భయంతో బిగుసుకుపోవడం. అందుకే పట్టుకోవాల్సి వస్తే ముందు కళ్ళకు గుడ్డ కడతారు, చుట్టుపక్కల చప్పుడు లేకుండా చూస్తారు. మేమేమో కళ్ళు కట్టకుండా ఊరిని పిలిచాం. అవ్వ సగం సరిగ్గానే చెప్పింది.

నిన్నటి మనుబోతు చీకట్లోకి పోయాక ఏమైందో తమ్ముడికేం తెలుసు? ఉరకడం వరకే వాడు చూశాడు.

ఇక పెద్దబావ సంగతి. ఆయన గ్రూపులో "ఏనుగునైనా ఇట్లనే తరమాలె" అని పెట్టాడు. ఆయనది ఆసిఫాబాద్ జిల్లా చింతలమానేపల్లి వైపు కాబట్టి ఆ మాటను కొట్టిపారేయలేను. 2021లో ఒడిశా నుంచి ఛత్తీస్‌గఢ్ మీదుగా ఏనుగుల మంద మా గడ్చిరోలి జిల్లాకు వచ్చింది. 2024 ఏప్రిల్‌లో అందులోంచి ఒకటి విడిపోయి ప్రాణహిత దాటి ఆసిఫాబాద్ జిల్లాలో పడింది. ముందు బూరెపల్లిలో, మర్నాడు కొండపల్లిలో, ఇద్దరు రైతులు చనిపోయారు. ఆ వైపు వాళ్ళు అంతకుముందు ఏనుగును చూసింది గుళ్ళోనో సర్కస్‌లోనో. బావ అప్పటి నుంచీ ఒకటే మాట: "ఒంటరిదైంది, టెన్షన్ ఎక్కింది, అందుకే చంపింది."

నేనూ అదే అనుకుంటూ వచ్చాను. అడవి తగ్గిపోయి, టెన్షన్ పెరిగి, అందుకే చేల మీద పడుతున్నాయని. కానీ జంతువు టెన్షన్ ఎలా తెలుస్తుంది? మనిషికే సరిగ్గా తెలియట్లేదు. బాపుకు ఆసుపత్రిలో చూస్తే బీపీ ఎక్కువ వస్తుంది, ఇంట్లో చూస్తే మామూలే, ఆ తెల్లకోటు చూస్తేనే పెరుగుతుంది. అడవి జంతువును పట్టుకుని రక్తం తీస్తే వచ్చేదీ అలాంటి లెక్కే. పట్టుకున్న కొద్ది నిమిషాలకే టెన్షన్‌కు ఒంట్లో వచ్చే హార్మోన్ పెరిగిపోతుంది కాబట్టి, అది మనం పెట్టిన భయం లెక్క అవుతుంది గాని దాని బతుకు లెక్క కాదు.

అందుకని ముట్టుకోకుండా కొలుస్తారు. ఏనుగైతే లద్దె, జింకైతే పెంటికలు. భయమో ఆకలో వచ్చినప్పుడు మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ వదులుతాయి. కాసేపటికైతే అది మేలే, ఉరకడానికి బలమిస్తుంది. రోజుల తరబడి ఎక్కువగా ఉంటేనే చేటు, రోగాన్ని తట్టుకునే శక్తి తగ్గుతుంది, పిల్లలు పుట్టడం తగ్గుతుంది. ఆ కార్టిసాల్‌ను కాలేయం విరగ్గొడితే, మిగిలిన ముక్కలు పేగుల్లోకి పోయి లద్దెలో బయటికి వస్తాయి. తిన్నది బయటికి రావడానికి ఏనుగుకు ఒక రోజు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పడుతుంది కాబట్టి అందులో కనిపించేది ఒక్క క్షణం భయం కాదు, గడిచిన రోజంతటిది. తాజా లద్దె కావాలి. ఎండకూ వానకూ లెక్క మారిపోతుంది. మట్టి అంటని లోపలి భాగం తీసి, మంచులో పెట్టి తీసుకుపోయి, ఆరబెట్టి, పొడి చేసి, ఆల్కహాల్‌లో మరిగించి, ఒక గ్రాముకు ఎన్ని నానోగ్రాములో చూస్తారు.

హైదరాబాద్ అత్తాపూర్‌లో సీసీఎంబీ వాళ్ళ లాకోన్స్ అని, అంతరించిపోతున్న జంతువుల మీద పనిచేసే పరిశోధనశాల ఉంది, అక్కడి శాస్త్రవేత్తలు బాంధవ్‌గఢ్, కన్హా పులుల మలం ఇలాగే చూశారు. 2019లో అచ్చయింది. టూరిస్టులు తిరిగే నెలల్లో ఆ హార్మోన్ ముక్కలు ఎక్కువ, అడవి మూసిన నెలల్లో తక్కువ. బండ్లు పెరిగితే ఆ లెక్కా పెరిగింది. అది చదివి మంచంలో లేచి కూర్చున్నాను. తాడోబాలో జీపులు పులిని ఎలా చుట్టుముడతాయో చూసిన దాన్ని. తమ్ముడికి పంపడానికి మెసేజ్ కూడా టైప్ చేశాను, చూడు, కనబడకపోయినా వాటికి ఏదో అవుతుంది అని.

పంపేలోపు ఇంకోటి చదివాను. అది కూడా 2019దే. బెంగళూరులోని సైన్స్ పరిశోధన సంస్థ ఐఐఎస్సీ వాళ్ళు కర్ణాటకలో హాసన్ వైపు, చేలూ తోటలూ ఉన్న చోట పంట తినే ఏనుగుల లద్దె చూశారు. నాగరహొళె, బందీపూర్ అడవి ఏనుగుల లద్దెతో పోల్చారు. చేల వైపువాటికి ఎక్కువ ఉంటుందనే కదా ఎవరైనా అనుకుంటారు? తక్కువ వచ్చింది. వాటి లద్దెలో నత్రజని ఎక్కువ, అంటే తిండి బలమైనది. మంచి తిండి దొరకడం వల్ల ఆ ఒత్తిడి తగ్గి ఉండవచ్చని వాళ్ళు రాశారు.

ఒళ్ళు మండింది. ఫోన్ పక్కన పడేశాను. పటాకులు, కాగడాలు, తరమడాలు, ఇన్ని ఉన్న చోట అవి హాయిగా ఉన్నాయా?

తర్వాత బాపు ఎప్పుడూ అనే మాట గుర్తొచ్చింది. "అవి ఆకలికి రావు బిడ్డా, రుచికొస్తయి." నేను ఎన్నిసార్లు కాదన్నానో! అడవిలో ఏమీ లేకనే వస్తున్నాయని పాఠం చెప్పేదాన్ని. కానీ మక్క కంకి ముందు అడవి గడ్డి ఏపాటిది? నాటిన రోజు నుంచి కోసే దాకా రాత్రంతా కావలి ఉన్న మనిషికి ఆ సంగతి నానోగ్రాములు లేకుండానే తెలిసింది. జంతువు బాధపడుతూ వస్తోంది, కాస్త జాలి పడండి అని రైతుకు చెప్పడం ఇకనుంచి నా వల్ల కాదు. అది హాయిగా తిని పోతున్న పంట బాపుది. నష్టం కట్టించుకోవాలంటే పంచనామా, కాగితాలు, తిరగడం. బాపు ఆ దారి మానేసి చాలా కాలమైంది. అలసట అంతా ఆయన కళ్ళ కింద కనిపిస్తోంది.

అలాగని ఆకలి అబద్ధమా అంటే కాదు. అదే ఐఐఎస్సీ వాళ్ళు 2017లో ముదుమలై, బందీపూర్ ఏనుగుల మీద చేసిన పని ఉంది. ఎండాకాలంలో చిక్కిపోయిన ఏనుగులకు ఆ లెక్క ఎక్కువ వచ్చింది. బక్కచిక్కితే ఒత్తిడి, కడుపు నిండితే నిమ్మళం. రెండూ కలిపి చదివితే ఇంకో భయం పట్టుకుంటుంది. చేలో అంత నిమ్మళం దొరికినప్పుడు, ఈలలకూ బండ్లకూ అది ఎందుకు మానుతుంది? ఇవాళ ఉరికింది, రేపు వస్తుంది. తరిమినవాళ్ళకు వీడియో మిగులుతుంది, అంతే. ఒంటరి ఏనుగు ప్రాణహిత ఎందుకు దాటిందో, దాని లోపల ఏముందో ఎవరూ కొలవలేదు, బావ చెప్పేదీ నేను అనుకున్నదీ రెండూ ఊహలే.

తమ్ముడికి టైప్ చేసిన మెసేజ్ తుడిపేశాను. పులుల సంగతి వాడికి ఎందుకు?

నిజానికి ఇవాళ రాద్దామనుకున్నది వేరే. సాయంత్రం అదే చేలోంచి అవ్వ లేత కంకులు తెచ్చింది. నిప్పుల మీద కాల్చి ఉప్పు, కారం రాసి ఇచ్చింది. ఈ ఏడు మొదటివి. ఎంత తియ్యగా ఉన్నాయో. బాపు కూడా రెండు తిన్నాడు.

రేపు తమ్ముడితో ఒకటే మాట్లాడతాను. కంచెకు అడవి వైపు మూల తెరిచి ఉంచాలి. తోలేటప్పుడు కాలువ వైపు నుంచి నిలబడి, ఆ మూలకే తోలాలి. బండ్లు చేలోకి దిగొద్దు, మన మక్కే నలుగుతోంది. ఈ చివరి మాట మీద బాపు నా వైపే ఉంటాడు. మూల తెరవడానికి మాత్రం ఒప్పుకోడు. "పోయే తోవ తెరిస్తే వచ్చే తోవ కాదా" అంటాడు. పగలు కట్టేసి, తోలేటప్పుడే విప్పేలా ఒక చీరను ముడి వేయొచ్చేమో. తమ్ముడికి ముళ్ళు వేయడం బాగా వచ్చు, వాడినే అడుగుతాను.