పాలపిట్ట రెక్క కోసం ఆరు నెలలు

తీగ మీద కూర్చున్న పాలపిట్టలో పెద్దగా ఏముండదు. మట్టిరంగు ఛాతీ, ఒంటికి మించిన తల, ఎవరి మీదో అలిగినట్టు ముఖం. ఎగిరినప్పుడే దాని రంగు బయటపడుతుంది, ముదురు నీలం ఒక పట్టీ, లేత నీలం ఒక పట్టీ, ఇంకో స్తంభం మీద వాలగానే మళ్లీ అంతా మూసేస్తుంది. దసరా నాడు దాన్ని చూడాలని చిన్నప్పుడు మా నాన్న వెంట చేన్ల గట్లమీద తిరిగినవాణ్ణి, ఈసారి దసరాకల్లా ఆ విప్పిన రెక్క ఫోటో తీయాలని ఉగాది అప్పుడు అనుకున్నా. నా దగ్గరున్నది నికాన్ డి7200, దానితో వచ్చిన 18-140 లెన్స్ (ఆ అంకెలు మిల్లీమీటర్లు, అంకె ఎంత పెద్దదైతే పిట్ట అంత పెద్దగా కనబడుతుంది). దాంతో తీస్తే పాలపిట్ట తీగకు అంటుకున్న చింతగింజలాగా వచ్చేది.

దేవరకద్ర దగ్గర బడిలో లెక్కల సారును నేను. కొత్త పెద్ద లెన్స్ కొనేంత లేదు కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో నికాన్ 200-500 వెతికి, హైదరాబాద్‌లో ఒకాయన దగ్గర 60 వేలకు తీసుకున్నా. సిగ్మా, టామ్రాన్‌ల 150-600లు కూడా చూశా, వాటిలో కొన్ని కొంచెం తేలిక కూడా, కానీ 600 దగ్గర వాటి అపర్చర్, అంటే వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం, 6.3కి పడిపోతుంది (ఈ అంకె పెరిగితే వెలుతురు తగ్గినట్టు), దీనికి మొదటి నుంచి చివరి దాకా 5.6 ఉంటుంది. కొనేముందు సెల్‌ఫోన్ టార్చ్ వెనక నుంచి వేసి ముందు నుంచి లోపలికి చూశా, సాలెగూడులాంటి పోగులు కనబడితే అది ఫంగస్, వద్దనుకోవాలి. జూమ్ రింగ్ ఎక్కడా పట్టేయకుండా తిరగాలి. రెండు సన్న దుమ్ము రేణువులు ఉన్నాయి, వాటితో ఫోటోకు ఏం కాదు. ఇంటికి తెచ్చి టేబుల్ మీద పెడితే మా ఆవిడ ఎత్తి చూసి "రెండు కిలోలు దాటిందేమో, దీని బదులు ఆ డబ్బుకు బంగారం వచ్చేది కదండీ" అంది. నిజమే, కాలర్‌తో (స్టాండుకు బిగించడానికి లెన్స్ చుట్టూ ఉండే పట్టీ) కలిపి 2.3 కిలోలు.

మొదటి రోజు పిల్లలమర్రికి పోయా. చెట్టు కింద నీడ, ఉడతలు, చిలకలు, ఉత్సాహంగా కెమెరా ఎత్తితే లోపల ఏమీ లేదు. ఆకులు, ఆకులు, ఇంకో ఆకు. చిలక అక్కడే అరుస్తోంది, కంటికి కనబడుతోంది, కెమెరాలోకి మాత్రం రాదు. 500 దగ్గర ఈ కెమెరాకు కనబడేది మొత్తం మూడు డిగ్రీలంతే, తలుపు సందులోంచి జాతర చూసినట్టు. పది రోజులకు తెలిసింది ఏమిటంటే ముందు 200కు తిప్పుకుని పిట్టను పట్టుకోవాలి, ఆ తర్వాత 500కు పోవాలి, ఈలోపు పిట్ట మీద నుంచి చూపు తీయకూడదు. చూపు అక్కడే పెట్టి కెమెరాను కంటి ముందుకు తేవాలి, కెమెరాలో కన్ను పెట్టి పిట్టను వెతికితే దొరకదు.

పట్టుకోవడం కూడా నేర్చుకోవాల్సి వచ్చింది. ఎడమ అరచేయి లెన్స్ కింద, మోచేయి పొట్టకు ఆనించి, బరువు ఒంటి మీదకు రావాలి. బెల్టు కెమెరాకు కాకుండా లెన్స్ కాలర్‌కు కట్టాలి, లేకపోతే ఇంత బరువూ కెమెరా నోటి దగ్గర వేలాడుతుంది. ఇది ఎవరూ చెప్పలేదు, వారం రోజులు అట్లాగే తిరిగా.

వేసవి సెలవులిచ్చారు. మా బావమరిది ఆల్టో అడుక్కుని మక్తల్ దాటి కృష్ణా మండలం వైపు పోయా. అక్కడ నది పక్క నల్లరేగళ్లలో కృష్ణజింకలు మందలు మందలుగా తిరుగుతాయి, రైతులకు వాటితో పెద్ద బాధ, మొలకలు తినేస్తాయి, తొక్కేస్తాయి, వన్యప్రాణి చట్టం షెడ్యూల్ ఒకటిలో ఉన్న జంతువు కాబట్టి ఎవరూ ఏమీ చేయలేరు. గట్టు మీద కూర్చున్న పెద్దాయన నా లెన్స్ చూసి "ఏంది సారూ గిది, తోపు లెక్కుంది" అన్నాడు. జింకల ఫోటోలు తీస్తా పెద్దాయనా అంటే "ఫోటోలల్ల పట్టుడు గాదు సారూ, నిజంగనే పట్టుకపో, మందకు మంద పట్టుకపో" అని నవ్వాడు. నవ్వులో నవ్వు లేదు.

ఆ రోజు నాలుగు వందల ఫోటోలు తీశా. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో పెద్దవి చేసి చూస్తే ఒక్కటి కూడా స్పష్టంగా లేదు. కొమ్ముల మెలికలు కరిగిన మైనంలాగా, కళ్లు మసక. 60 వేలు. రాత్రి నిద్ర పట్టలేదు, అమ్మినాయన మోసం చేశాడనే అనుకున్నా, ఫోన్ చేసి నాలుగు మాటలు అనేవాణ్ణే, మా ఆవిడ ఆపింది.

ఇక పరీక్షలు మొదలు. మొదటి అనుమానం షట్టర్ స్పీడ్ మీద. ఇంట్లో పిల్లల ఫోటోలు తీసే అలవాటుతో 1/250 సెకను దగ్గరే పెట్టుకున్నా, లెన్స్‌లో వీఆర్ ఉందిగా అనే ధైర్యం. వీఆర్ మన చెయ్యి వణుకును ఆపుతుంది, జింక గంతును ఆపదు. నిలబడ్డ జంతువుకు కనీసం 1/800, ఎగిరే పిట్టకు 1/2000, అంతకంటే కిందికి ఇప్పుడు దిగను. మాన్యువల్‌లో పెట్టి, ఐఎస్‌ఓను (వచ్చిన వెలుతురును కెమెరా ఎంత పెంచుకోవాలో చెప్పే అంకె) ఆటోకు వదిలేస్తా. గింజలు గింజలుగా వస్తే రానీ, ఆ మచ్చలు తర్వాత తగ్గించుకోవచ్చు, కదిలిపోయిన కన్నును ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా తిరిగి తేలేదు.

రెండోది, లెన్స్ ముందు బిగించిన యూవీ ఫిల్టర్. లెన్స్ కొన్న వారానికి ఒక షాపులో "ముందు అద్దం గీసుకుపోతుంది సార్" అని భయపెట్టి అంటగట్టారు, 95 ఎంఎంది, చవకది. అది ఉంచి ఒకసారి, తీసేసి ఒకసారి ఒకే గోడను తీస్తే తేడా కళ్లకు కొట్టింది. రెండు వేల రూపాయల గాజు వెనక 60 వేల గాజు పెట్టుకుని తిరిగా నెల రోజులు. ముందు అద్దాన్ని కాపాడటానికి హుడ్, అంటే లెన్స్ ముందు తగిలించే గొట్టం, చాలు.

అయినా జింకల ఫోటోలు అంత ఘోరంగా ఎందుకొచ్చాయో అర్థం కాలేదు. డాబా మీద తులసికోటకు న్యూస్‌పేపర్ అతికించి, పొద్దున ఆరున్నరకు ఎనిమిది మీటర్ల నుంచి తీశా. ఒకసారి మామూలుగా కన్ను పెట్టి, ఒకసారి లైవ్ వ్యూలో, అంటే వెనక తెర మీద చూస్తూ. రెండూ ఒకేలా, చిన్న ప్రకటనల్లోని ఫోన్ నంబర్లు కూడా చదవొచ్చు. అంటే లెన్స్ బాగుంది, ఫోకస్ బాగుంది. అదే రోజు మధ్యాహ్నం పన్నెండుకు రెండు వీధుల అవతల ఉన్న నీళ్ల ట్యాంకు మీది అక్షరాలు తీస్తే అవి ఈదుతున్నాయి. నిజంగా ఈదుతున్నాయి, కెమెరాలో చూస్తుంటే పాములాగా కదులుతున్నాయి.

ఎండమావి! రోడ్డు మీద దూరంగా నీళ్లున్నట్టు కనబడుతుందే, అదే. నేల కాగి, దాని మీది గాలి పొరలు పొరలుగా వేడెక్కి, వెలుతురును వంకర చేస్తుంది. మామూలు లెన్స్‌కు అది కనబడదు, 500కు జింకతోపాటు మధ్యలో ఉన్న గాలి కూడా పెద్దదై కనబడుతుంది. నేను కృష్ణాకు చేరిందే పదిన్నరకు, ఏప్రిల్ ఎండలో, మంద మూడు వందల మీటర్ల అవతల. లక్షలు పెట్టి ఇంకో లెన్స్ కొన్నా అవే ఫోటోలు వచ్చేవి. పెద్ద లెన్స్ అంటే దూరంగా ఉన్నదాన్ని దగ్గరకు తెచ్చుకోవడానికి అనుకున్నా ఇన్నాళ్లు, ఇది దగ్గర్లో ఉన్న చిన్నదాన్ని పెద్దగా చూసుకోవడానికి. పదిహేను మీటర్లలో ఉన్న పిట్టకు ఇది రాజు, మూడు వందల మీటర్ల జింకకు ఏమీ కాదు. కారులో ఏసీ వేసుకుని అద్దం దించి తీసినా ఇదే గోల, లోపలి గాలి బయటి గాలి కలిసే చోట అదే వణుకు.

అమ్మినాయనకు ఫోన్ చేయనందుకు మా ఆవిడకు థ్యాంక్స్ చెప్పుకున్నా.

మళ్లీ ఒకసారి తెల్లవారకముందే పోయి, మొదటి ఎండకు గట్టు వెనక బోర్లా పడుకుంటే నల్లపోతు (మగ కృష్ణజింక) ఒకటి తనంతట తానే అరవై మీటర్ల దాకా వచ్చింది. కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. మన్ననూరు నుంచి ఫర్హాబాద్ సఫారీకి కూడా పోయొచ్చా, అమ్రాబాద్ అడవిలో పులి కనబడదని నాకు ముందే తెలుసు, కనబడలేదు, చెట్ల నీడలో 5.6 దగ్గర కూడా ఐఎస్‌ఓ 6400 దాటిపోయింది, బాట పక్కన నిలబడ్డ చుక్కల జింక 200కు కూడా పట్టనంత దగ్గర. దాని గురించి ఇంతే.

జూన్‌లో వానలు పడి దుక్కులు మొదలయ్యాక దొరికింది నాకు అసలు బడి. ట్రాక్టర్ వెనక పురుగుల కోసం ఎగబడే కొంగలు. ఒక్క పొద్దుటికి వెయ్యి సార్లు ఎగురుతాయి, వాలతాయి, మనుషులంటే భయం లేదు, ఎగిరేదాన్ని పట్టడం నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి పిట్ట లేదు. కదిలేదాని వెంట ఫోకస్ మార్చుకుంటూ పోయే ఏఎఫ్-సీలో పెట్టి, ఫోకస్ పనిని షట్టర్ బటన్ నుంచి తీసేసి వెనకున్న ఏఈ-ఎల్ బటన్‌కు ఇచ్చా, బొటనవేలుతో ఫోకస్, చూపుడువేలుతో క్లిక్. రెండు వారాలు వేళ్లు కొట్టుకున్నాయి, తర్వాత అదే అలవాటైంది. ఇంకోటి, తడి నేల ముందు తెల్లకొంగను తీస్తే కెమెరా ఆ నల్లదనం చూసి వెలుగు పెంచేస్తుంది, కొంగ ఈక ఒక్కటీ కనబడకుండా సున్నం కొట్టినట్టు వస్తుంది. ఎక్స్‌పోజర్‌ను, అంటే ఫోటో వెలుగును, మైనస్ ఒకటి దాకా తగ్గించాలి. ట్రాక్టరాయన రోజూ "సారూ, కొంగలు మస్తు తెల్లగొచ్చినయా" అని అడిగేవాడు.

సెప్టెంబర్ నుంచి ఆదివారాలన్నీ కోయిల్‌సాగర్ రోడ్డులోనే. తీగ మీది పాలపిట్ట కిందికి దూకి మిడతను పట్టి చాలాసార్లు అదే చోటుకు వస్తుంది. కారు ఆపి, ఇంజన్ బంద్ చేసి, అద్దం మీద జొన్నలు పోసి కుట్టిన సంచి పెట్టి దాని మీద లెన్స్ ఆనిస్తే అది మనల్ని లెక్కచేయదు. తలుపు తీస్తే మాత్రం పోతుంది. చాలాసార్లు ఎగిరేముందు రెట్ట వేస్తుంది, అదే మనకు సిగ్నల్. గాలికి ఎదురుగా లేస్తుంది కాబట్టి గాలి మన వీపు వైపు నుంచి వచ్చేటట్టు కారు పెట్టుకుంటే ముఖం మన వైపు ఉంటుంది. ఇవన్నీ తెలిసినా మూడు ఆదివారాలు ఖాళీ తీగ ఫోటోలే వచ్చాయి, చక్కటి ఫోకస్‌తో.

దసరాకు ముందు కొన్నిచోట్ల పాలపిట్టలను పట్టి, పంజరంలో పెట్టి చూపించి డబ్బులు అడుగుతారు. నేరం అది. ఎవరైనా అట్లా తెస్తే డబ్బులివ్వకండి, ఫారెస్టు వాళ్లకు చెప్పండి.

పండక్కి రెండు రోజుల ముందు, పొద్దున ఏడుంపావుకు, పన్నెండు మీటర్ల దూరం నుంచి ఆ ఫోటో పడింది. 1/2500, ఐఎస్‌ఓ 900, రెక్కలు రెండూ పైకెత్తి, ముక్కు నా వైపు. ఇంటికి పోయేదాకా ఆగలేక కారులోనే చిన్న తెర మీద పెద్దది చేసుకుని చూశా, కన్ను స్పష్టంగా ఉంది, నీలాలు రెండూ ఉన్నాయి. సెలవుల తర్వాత ప్రింటు వేయించి ఏడో తరగతిలో చూపించా. అందరూ చప్పట్లు కొట్టారు. ముందు బెంచీలో పిల్ల ఒకతి లేచి దగ్గరకొచ్చి, ఫోటో అంచు మీద వేలు పెట్టి అడిగింది: "సార్, ఈ రెక్క కొస ఏడబోయింది?"

400కు వెనక్కి తిప్పి ఉండాల్సింది.