పులికాట్ పైపొర నీటి కోసం

గాలి లేచిందంటే పులికాట్‌లో పైపొర తీయడం కష్టం. అందుకే తిరుపతిలో చీకటితోనే బయల్దేరి, శ్రీకాళహస్తి, నాయుడుపేట, సూళ్లూరుపేట మీదుగా తడ దగ్గరి భీమునివారిపాలెం రేవుకు చేరాం. మేం వెతుకుతున్నది పీఫాస్ అనే ఫ్లోరిన్ రసాయనాల కోసం. అవి గుమిగూడే పైపొర మందం మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు ఉంటుందేమో, అంతే.

వీటిలో పీఎఫ్‌ఓఎస్ సంగతే చూడండి. 8 కార్బన్ల తోక, దాని నిండా ఫ్లోరిన్. ఆ తోకకు నీళ్లూ పడవు, నూనే పడదు. తల దగ్గరి సల్ఫోనేట్ అనే భాగం మాత్రం నీటిని వదలదు. దాంతో అణువు తల నీళ్లలో, తోక గాలిలో పెట్టి పైనే నిలుస్తుంది. 4 కార్బన్ల పీఎఫ్‌బీఎస్‌కు ఈ గుణం చాలా తక్కువ. నీళ్లలో ఉప్పు ఉంటే తలల మధ్య వికర్షణ తగ్గి, పైకి చేరేవి పెరుగుతాయి. మంచినీళ్ల కల్యాణి డ్యామ్‌కు పోలికగా ఈ ఉప్పునీటి సరస్సును ఎంచుకున్నది అందుకే.

రేవు దాటాక పడవ ఇంజను ఆపించాం. డీజిల్ జిడ్డు కలవకుండా, గాలి ఎటు నుంచి వస్తుందో ఆ పక్కనే కూర్చోవాలి. మెథనాల్‌తో కడిగిన గాజు పలకను నిలువుగా 40 సెంటీమీటర్లు ముంచి, సెకనుకు 5 సెంటీమీటర్ల చొప్పున పైకి లాగాలి. తొందరపడితే కింది నీళ్లు కూడా అంటుకొస్తాయి, లెక్క పలచబడిపోతుంది. పలక మీద నీరు ఒకే రేకులా పరుచుకోవాలి. చుక్కలుగా విడిపోయిందంటే పలకకు జిడ్డుందన్నమాట, మళ్లీ కడగాల్సిందే. కారడం ఆగాక సిలికాన్ రబ్బరు పట్టీతో రెండు వైపులా తుడిచి, గరాటుతో పాలీప్రొపిలీన్ సీసాలోకి దించుతాం. 25 సెంటీమీటర్ల వెడల్పు పలకకు ఒక్కో మునకకు దక్కేది మహా అయితే 10 మిల్లీలీటర్లు. 250 మిల్లీలీటర్ల సీసా నిండేసరికి భుజాలు పట్టేస్తాయి.

కింది నీళ్లు వేరే సీసాలో. మూత బిగించి ముంచి, 30 సెంటీమీటర్ల లోతున మూత తీసి, అక్కడే బిగించి పైకి తేవాలి. చెరువులో పైనున్నది చేత్తో పక్కకు తోసి బిందె ముంచినట్టు కాదిది. తోసేసిన ఆ పైదే మనకు ముఖ్యం. మూత తీసిన సీసాను పైనుంచి ముంచితే రెండూ కలిసిపోతాయి, వచ్చిన అంకె దేనిదో చెప్పలేం. ఒడ్డున గాలికి పోగుపడిన తెల్ల నురగలో పీఫాస్ మరీ ఎక్కువ పేరుకుంటుంది, దాన్ని విడిగానే పట్టాలి.

తాగునీటిలో పీఎఫ్‌ఓఎస్‌కు అమెరికా 2024లో పెట్టిన పరిమితి లీటరుకు 4 నానోగ్రాములు. అంత సన్నని లెక్కలో టెఫ్లాన్ టేపు, నీళ్లంటని రెయిన్‌కోటు, జిడ్డంటని టిఫిన్ కాగితం కూడా ఫలితాన్ని చెడగొట్టగలవు, వాటిలోనూ ఇవే రసాయనాలు ఉండొచ్చు. అందుకే చేతులకు నైట్రిల్ గ్లౌజులు, పెట్టెలో మామూలు ఐసు. ల్యాబ్ నుంచి తెచ్చిన శుద్ధజలాన్ని పడవలోనే పలక మీద పోసి, తుడిచి, ఒక సీసా నింపాం. అందులో పీఫాస్ కనబడితే అది సరస్సుది కాదు, మన సామానుది. ఉప్పు శాతం, నీటి వేడి, గాలి వేగం అక్కడికక్కడే రాసుకోవాలి. ఈశాన్య రుతుపవనాల వానలకు పలచబడ్డ పులికాట్ వేరు, ఎండాకాలపు పులికాట్ వేరు.

ల్యాబ్‌లో సీసాలోంచి కొంచెం వంచుకుని పరీక్షిస్తే సరిపోదు. పొడవు తోక రసాయనాలు సీసా గోడలకూ అంటుకుంటాయి కాబట్టి మొత్తం నీళ్లు వాడి, ఖాళీ సీసాను మెథనాల్‌తో కడిగి అదీ కలపాలి. పైపొర అంకెను కింది నీటి అంకెతో భాగిస్తే పైన ఎన్ని రెట్లు పేరుకుందో తెలుస్తుంది.