నాన్న పడిపోయిన చెయ్యి, ఫిజియోథెరపీ: నా అనుభవం

మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. నాన్న కొబ్బరికాయల వ్యాపారం చేస్తారు. ఈ వేసవిలో ఆయనకి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మూతి వంకర పోవడం చూసి అమ్మ వెంటనే కారు పిలిపించింది. మెదడులో రక్తపు గడ్డ కరిగే ఇంజెక్షన్‌ని పక్షవాతం మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలట; ఆ గడువు దాటకముందే స్కాన్ తీసి ఇచ్చారు. ఆసుపత్రిలో మాకు ఏ ఇబ్బందీ రాలేదు.

కష్టమంతా ఇంటికొచ్చాకే. దగ్గర్లో ఉందని ఒక ఫిజియోథెరపీ సెంటర్లో చేర్పించాం. నెల ప్యాకేజీ డబ్బు ముందే కట్టించుకున్నారు. ఒకటే హాలు, వరసగా మంచాలు, గోడకి టీవీ, అందులో సీరియల్. ఒక కుర్రాడు ఫోన్ మాట్లాడుతూనే నాన్న చెయ్యి పైకీ కిందకీ ఊపేవాడు. నాన్న చూపు టీవీ మీద ఉండేది. లెక్క పూర్తవగానే రిజిస్టర్లో టిక్కు కొట్టి పక్క మంచానికి వెళ్ళిపోయేవాడు.

ఒకరోజు ఆ సెంటర్ యజమాని వచ్చి "వేళ్ళు ముడవండి" అన్నాడు. నాన్న వల్ల కాలేదు. దాంతో హాల్లో అందరికీ వినపడేలా "మీ నాన్నగారికి బద్ధకం అండీ. మనసు పెట్టరు. ఇలాగైతే మంచం దిగరు" అన్నాడు. తెల్లారకముందే లేచి సైకిల్ మీద తోటలన్నీ తిరిగొచ్చే మనిషిని పట్టుకుని అన్నమాట అది! నాన్న తల దించుకుని ఎడం చేత్తో కళ్ళు తుడుచుకున్నారు. అటెండర్లు, పక్క మంచాల వాళ్ళు అందరూ చూస్తున్నారు. ఆ పూటే ఇంటికి తీసుకొచ్చేశాను. రోగిని నలుగురిలో చిన్నబుచ్చే హక్కు ఏ డిగ్రీ ఇవ్వదు.

తర్వాత కాకినాడలో ఒక ఫిజియోథెరపిస్ట్ మేడమ్ దగ్గరికి వెళ్ళాం. ఆవిడ ముందు గదిలోంచి అందర్నీ పంపేశారు, నా ఫోన్ కూడా ఆపించారు. నాన్న ముందు స్టీలు గ్లాసు పెట్టి "బాబాయ్ గారూ, దీన్ని పట్టుకోవాలి. ముందు గ్లాసుని చూడండి, పట్టుకుంటున్నట్టు అనుకోండి, అప్పుడు ప్రయత్నించండి" అన్నారు. ఆయన ప్రయత్నం మొదలుపెట్టాకే కింద చెయ్యి వేసి సాయం చేసేవారు. నాన్న చూపు పక్కకి పోతే ఆపేసి, కాసేపు విశ్రాంతి ఇచ్చేవారు.

కారణం కూడా ఓపిగ్గా చెప్పారు. మనం కావాలని చెయ్యి కదిపేముందే మెదడులో దానికి సన్నాహం మొదలవుతుంది. ఆ సన్నాహంలో పుట్టే చిన్న విద్యుత్ సంకేతాన్ని జర్మనీలో కార్న్‌హ్యూబర్, డీకే అనే శాస్త్రవేత్తలు 1965లో ప్రకటించారు. తల మీద ఎలక్ట్రోడ్లు పెట్టి ఈఈజీతో (మెదడులోని విద్యుత్ సంకేతాల్ని నమోదు చేసే పరీక్ష) చూస్తే అది కనిపిస్తుంది. ధ్యాస వేరే పని మీదికి మళ్ళితే ఆ సంకేతం తీరు మారుతుంది. దెబ్బతిన్న మెదడు కొత్త దారులు వేసుకోవాలంటే రోగి సొంత ప్రయత్నం, ఆ కదలిక స్పర్శ ఒకే సమయంలో కలవాలి. పైనుంచి ఎవరో ఊపితే కీళ్ళు బిగుసుకోకుండా ఉంటాయి, అది కూడా అవసరమే. కానీ చెయ్యి తిరిగి నేర్చుకోవడానికి అదొక్కటే చాలదు. పక్షవాతం తర్వాత ఏకాగ్రత త్వరగా సడలిపోవడం కూడా జబ్బులో భాగమేనట. దాన్నే ఆ పెద్దమనిషి బద్ధకం అన్నాడు!

డబ్బు కట్టేముందు ఆ సెంటర్లో ఒక గంట నిలబడి చూడండి. టీవీ మోగుతుంటే వెనక్కి వచ్చేయండి. ఇంట్లో వ్యాయామం చేయించేటప్పుడు రీల్స్ చూసే కొడుకులూ కూతుళ్ళూ, మీ నాన్న మిమ్మల్ని నడిపించినప్పుడు ఆయన కళ్ళు మీ మీదే ఉన్నాయి. నడక బాగా కుదిరేదాకా పక్కనుంచి కబుర్లు కూడా వద్దు. కుదిరాక మాట్లాడుతూ నడవడం మేడమే వేరుగా నేర్పిస్తున్నారు.

నాన్న ఇప్పుడు గ్లాసు పట్టుకుంటున్నారు. వదలడానికి వేళ్ళు ఇంకా పూర్తిగా తెరుచుకోవడం లేదు, దాని మీదే పని జరుగుతోంది. పాత సెంటర్ వాళ్ళు మిగిలిన రోజుల డబ్బు తిరిగి ఇవ్వలేదు. రసీదు నా దగ్గరే ఉంది, జిల్లా వినియోగదారుల కమిషన్‌కి ఫిర్యాదు రాస్తున్నాను.