నల్ల గొడుగు అరమీటరు వెనక్కి జరిగింది

బీటెక్ ఫైనలియర్‌లో మేం ముగ్గురం కలిసి చేసిన ప్రాజెక్టు, లేజర్‌తో దూరం కొలిచే పరికరం. చిన్న పల్సు వదలాలి, అది వస్తువుకు తగిలి తిరిగొచ్చేదాకా పట్టిన టైము లెక్కపెట్టాలి, అంతే. కాంతి నానోసెకనుకు 30 సెంటీమీటర్లు పోతుంది. పోనూ రానూ కాబట్టి ఒక్క నానోసెకను తప్పితే దూరంలో 15 సెంటీమీటర్లు తప్పినట్టే. మమ్మల్ని ఏడిపించింది ఆ లెక్కే.

905 నానోమీటర్ల లేజర్ కంటికి కనిపించదు. కనిపించదు కాబట్టి రెప్ప కూడా పడదు, ప్రమాదమంతా అక్కడే. అందుకే గాగుల్స్ పెట్టుకుని, రాత్రి తొమ్మిది దాటాక, ఎవరూ తిరగని కారిడార్‌లో పని. 40 మీటర్ల దగ్గర (టేపుతో రెండుసార్లు కొలిచాం) తెల్ల థర్మోకోల్ షీటు నిలబెడితే రీడింగు చక్కగా వచ్చింది. దాని స్థానంలో నల్ల గొడుగు తెరిచి పెట్టాం. 40.45! గొడుగు ఉన్నచోటే ఉంది మరి.

క్లాక్ మీద అనుమానం, సోల్డరింగ్ మీద అనుమానం. రెండు వారాలు బోర్డుతోనే కుస్తీ. చివరికి మా గైడ్ మేడమ్, "ముందు ఆ రెండు పల్సులూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూడండయ్యా" అన్నారు. సిగ్నల్‌ను గీతగా గీసి చూపించే ఆసిలోస్కోప్‌లో రెండూ ఒకే క్షణంలో మొదలవుతున్నాయి. థర్మోకోల్‌ది నిటారుగా లేచి మేం పెట్టిన థ్రెషోల్డ్ గీతను (సిగ్నల్ దీన్ని దాటితేనే పల్సు వచ్చినట్టు లెక్క) వెంటనే దాటేస్తోంది. గొడుగుది బక్క పల్సు, దాదాపు శిఖరం దాకా ఎక్కితే గానీ దానికి ఆ గీత అందడం లేదు. ఆలస్యం 3 నానోసెకన్లు. మూడు పదిహేన్లు నలభై ఐదు.

గీతను కిందికి దించాం. ఎదురుగా ఏమీ లేకపోయినా నాయిస్‌ను, అంటే సర్క్యూట్‌లో ఎప్పుడూ ఉండే చిల్లర అలజడిని, పట్టుకుని దూరం చూపించడం మొదలెట్టింది.

చివరికి వాడింది కాన్‌స్టంట్ ఫ్రాక్షన్ పద్ధతి. పల్సును రెండుగా చీల్చి, ఒకదాన్ని ఆలస్యం చేసి, రెండోదాన్ని తగ్గించి తిరగేసి, మళ్లీ కలపాలి. అప్పుడు సిగ్నల్ సున్నాను దాటే చోటు పల్సు పొట్టిదైనా పొడుగుదైనా మారదు. ఆలస్యానికి మీటరు కోయాక్స్ కేబుల్ చాలు, 5 నానోసెకన్లు వస్తాయి. గొడుగు 40.03కి దిగింది.

ఆ ఊపులో సైకిల్ రిఫ్లెక్టర్ పెట్టాం. అది వచ్చిన కాంతిని వచ్చిన దారినే తిప్పి పంపుతుంది. 1976లో పంపిన లాజియోస్ ఉపగ్రహానికి నేల మీంచి లేజర్ కొట్టి కొలవడానికే ఒంటినిండా ఇలాంటి పని చేసే 426 అద్దాలు పొదిగారు. అంత దూరానికి అవి కావాలి. మా 40 మీటర్లకు వెలుగు మరీ ఎక్కువై, పల్సు తల చదునుగా తెగిపోయి, రీడింగు మళ్లీ చెడింది. రిసీవర్ లెన్సుకు రెండు పొరల ట్రేసింగ్ పేపర్ అంటించి డెమోకు పట్టుకెళ్లాం.