మిషన్ తేలికే, వంగడమే బరువు

మెటల్ డిటెక్టర్ కొందామనుకునేవాళ్లు ముందు అడిగేది ఎంత లోతుకి పట్టుద్ది అని, ఆ తర్వాత రేటెంత అని. రెండు మూడు గంటలు దాన్ని పట్టుకుని తిరిగాక మర్నాడు పొద్దున మంచం దిగగలమా అని మాత్రం ఒక్కరూ అడగరు. నా లెక్కలో మొదట అడగాల్సింది అదే.

అంతకన్నా ముందు ఒక మాట చెప్పేస్తా. మా గుంటూరులో మిషన్ చేతిలో కనపడితే చాలు, గుప్తనిధులా అని కన్నుకొడతారు. నేను వెతికేది పోయిన వస్తువులు. మిరపకోతకెళ్లిన ఆడవాళ్ల దిద్దులు, పొలం గట్టున జారిపోయిన ఉంగరాలు, సూర్యలంక బీచ్‌లో అలకి ఊడిన గొలుసులు. చేను ఎవరిదో వాళ్లని అడిగాకే అడుగుపెడతా. అమరావతి, ఉండవల్లి, భట్టిప్రోలు లాంటి చోట్లకి మిషన్ పట్టుకెళ్లే ఆలోచన కూడా పెట్టుకోకండి, రక్షిత స్థలాల్లో అనుమతి లేకుండా తవ్వడం నేరం. మామూలు నేలలో అయినా పాత సొత్తు ఏదైనా బయటపడి దాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకి తెలియజేయాలన్న 1878 నాటి చట్టమే ఇంకా నడుస్తోంది. అది పక్కన పెడితే, ఇక ఒంటి సంగతి.

మామూలు మిషన్లు కేజీ పావు, కేజీ మూడొందలు అలా ఉంటాయి. ఎక్స్‌పీ కంపెనీ డియస్ మోడల్ అయితే కేజీ లోపే. వినడానికి ఏముందిలే అనిపిస్తుంది. అయితే లోహాన్ని పసిగట్టే గుండ్రటి పళ్లెం, కాయిల్ అంటారు, అది మన చేతి దగ్గర ఉండదు, మీటరు దూరంలో రాడ్ చివర వేలాడుతూ ఉంటుంది, ఆ చివరిని నేలకి తగలకుండా గాల్లో ఆపి ఉంచే పని ముంజేతిదీ భుజానిదీ. అందుకే పెద్ద కాయిల్ బిగిస్తే తూకంలో పెరిగేది రెండు మూడొందల గ్రాములే అయినా చెయ్యి గంట తిరక్కముందే మొరాయిస్తుంది. లోతు ఎక్కువ పడుతుందని అందరూ పెద్ద కాయిల్‌కే ఎగబడతారు గానీ, మొన్న పడిపోయిన దిద్దు కోసం లోతెందుకండీ? చిన్న కాయిల్ పెట్టండి, చిన్న బంగారానికి అదే బాగా పలుకుతుంది, చెయ్యీ బతుకుతుంది.

పట్టు గురించి చెప్పాలంటే మా బావమరిది సంగతి చెప్పాలి. విజయవాడలో ఉంటాడు, రోజూ జిమ్‌కి పోయే మనిషి. ప్రత్తిపాడు వైపు ఒక మిరపచేలో దిద్దు పోయిందని కబురొస్తే నాతో వచ్చాడు, మిషన్ నేను పడతా బావా అన్నాడు. సరే పట్టమన్నా. పిడి మీద వాడి వేళ్లు చూస్తే కణుపులు తెల్లగా పాలిపోయి ఉన్నాయి, బొటనవేలు ఒకటే వణుకుతోంది. కోత ఆపి గట్టు మీద కూర్చున్న పెద్దామె కాసేపు చూసి, "ఏందయ్యా అంత గట్టిగా పట్టావ్, వదిలితే పారిపోద్దా అది?" అంది. చేలో ఆడవాళ్లంతా ఒకటే నవ్వు. వాడు సిగ్గుపడి ఇంకా గట్టిగా పట్టాడు. మర్నాడు పళ్లు తోముకోవడానికి చెయ్యి లేవలేదని ఫోను, మూడో రోజు ఇంకా ఎక్కువైందని మళ్లీ ఫోను. అలవాటు లేని పని చేసినప్పుడు కండరాల నొప్పి అప్పటికప్పుడు రాదు, ఒకటి నుంచి మూడు రోజుల్లోపు ముదిరి తర్వాత దానంతటదే దిగుతుంది, దానికి టెన్షన్ పడక్కర్లేదు. పడాల్సింది మోచేతి బయటివైపు ఎముక దగ్గర వచ్చే నొప్పికి. గ్లాసు ఎత్తినా, తలుపు గడియ తిప్పినా అక్కడ చురుక్కుమంటుంటే అది టెన్నిస్ ఎల్బో. మణికట్టుని వెనక్కి లేపే కండరాలన్నీ అక్కడే అతుక్కుని ఉంటాయి, పిడి ఎంత బిగించి పడితే వాటి మీద అంత లాగుడు. నెలల తరబడి వదలదు అది.

పిడి వేళ్ల మధ్య వదులుగా ఆనాలి. బరువుకి ఆసరా ఇవ్వాల్సింది ముంజేతి కింద ఉండే కప్పు. కప్పు వదులుగా ఉండి చెయ్యి అందులో అటూ ఇటూ ఆడుతుంటే మిషన్‌ని మణికట్టు బలంతో తిప్పాల్సొస్తుంది, అందుకే దాని పట్టీ బిగించుకోండి, బద్ధకించకండి. రాడ్ పొడవు కూడా అంతే. నిటారుగా నిలబడి భుజం కిందకి వదిలేస్తే కాయిల్ నేలకి రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తులో, పాదాలకి కాస్త ముందు ఆగాలి. పొట్టిగా ఉంటే నడుం వంగుతుంది, పొడుగైతే భుజం చెవిదాకా లేస్తుంది. ఇద్దరు మార్చుకుంటూ వాడేటప్పుడు రాడ్ మార్చుకోకపోవడం అందరూ చేసేదే, నా ఎత్తుకి పెట్టిన రాడ్‌తో ఆరడుగులవాడు వెతికితే వాడి నడుం గతి అంతే.

ఊపుడు ఒక మీటరు వెడల్పుకి మించక్కర్లేదు. చీపురు విసిరినట్టు దూరంగా విసిరితే చివర్లలో కాయిల్ పైకి లేస్తుంది, అక్కడ లోతూ పోతుంది, భుజమూ పోతుంది. పావుగంటకో ఇరవై నిమిషాలకో చెయ్యి మార్చండి. ఎడమ చేత్తో మొదట్లో చికాగ్గా ఉంటుంది, సంతకం పెడుతున్నట్టు వంకరటింకరగా పోతుంది, పోనివ్వండి. మైన్‌ల్యాబ్ జీపీజెడ్ 7000 లాంటి మూడు కేజీలు దాటే మిషన్లకి భుజాలకి తగిలించుకునే జీను, సాగే తాడు ఉంటాయి, అవి తగిలించకుండా దాన్ని మోయడం మొండితనమే.

ఇదంతా చేతి గోల. నడుం గోల వేరే, అదే పెద్దది. మిషన్ మోయడం వల్ల నడుం నొప్పి వచ్చినవాళ్లు తక్కువ, వంగడం వల్ల వచ్చినవాళ్లే ఎక్కువ. పల్లెల్లో దారి పక్క చేలల్లో ఏముంటాయో తెలుసుగా: సీసా మూతలు, గుట్కా పొట్లాల వెండి కాగితం, మాత్రల పట్టీల ముక్కలు, తుప్పు మేకులు. ప్రతి బీప్‌కీ వంగి, తవ్వి, తీసి, తిట్టుకుని లేవడమే. ఇనుముని విడిగా గుర్తుపట్టి వదిలేసేలా మిషన్ పెట్టుకోవచ్చు, కానీ వెండి కాగితంతోనే వచ్చింది చిక్కు. లోహాన్ని బట్టి మిషన్ తెరమీద ఒక అంకె చూపిస్తుంది, సన్నటి బంగారం పలికే అంకె, అల్యూమినియం కాగితం పలికే అంకె దాదాపు ఒకచోటే ఉంటాయి. కాగితాన్ని వదిలేస్తే దిద్దునీ వదిలేసినట్టే. అంటే బంగారం వెతికేవాడు చెత్త తవ్వక తప్పదు, తగ్గించగలిగేది చోటే. అందుకే మిషన్ ఆన్ చెయ్యకముందు పోగొట్టుకున్నామెతో కూర్చుని మాట్లాడతా. ఏ సాలులో కోశావమ్మా, అన్నం ఎక్కడ తిన్నావు, కొంగు ఎక్కడ దులిపావు, చెవి తడుముకున్నది ఎప్పుడు? అప్పుడు ఎకరం కాస్తా నాలుగు సాళ్లవుతుంది. పురికొసతో గళ్లు కట్టి ఒక్కో గడి పూర్తి చేసుకుంటూ పోతే వెతికిన చోటే మళ్లీ వెతికే పని తప్పుతుంది. ప్రత్తిపాడు దిద్దు అన్నం తిన్న గట్టు పక్కనే దొరికింది, టిఫిన్ క్యారేజీ పెట్టిన చోటుకి జానెడు దూరంలో.

గ్రౌండ్ బ్యాలెన్స్, అంటే మిషన్‌ని ఆ నేలకి తగ్గట్టు సర్దుకోవడం కూడా నడుం వైద్యంలో భాగమే, నవ్వకండి. నేలలో ఉండే ఇనుప ఖనిజాలకి మిషన్ ఊరికే అరుస్తుంది, ఆ ఉత్తుత్తి అరుపులన్నిటికీ మీరు వంగుతారు. అలాగే చేతిలో పట్టే చిన్న పిన్‌పాయింటర్ ఒకటి కొనండి. గుంటలో వస్తువు ఏ పక్కనుందో అది చెప్పేస్తుంది, వంగి మట్టి పిసుక్కుంటూ కూర్చునే సమయం సగానికి సగం తగ్గుతుంది. ఖరీదైన మిషన్‌కి మారడం కన్నా ముందు దీని మీద డబ్బు పెట్టమంటాను.

ఇక తవ్వడం. మన నల్లరేగడి తడిస్తే బంకలా పట్టుకుంటుంది, ఎండితే రాయి. మార్చి, ఏప్రిల్ వచ్చేసరికి నేల నెర్రెలు విచ్చి ఉంటుంది, ఉంగరం పడిందంటే నెర్రెలోకి జారి జానెడు లోతుకి పోతుంది. అక్కడ చిన్న తాపీ తీసుకుని మణికట్టు బలంతో పొడవడం మొదలుపెడితే సాయంత్రానికి చెయ్యి వాస్తుంది. పొడుగు కర్ర ఉన్న పార తీసుకోండి, నిలబడి, కాలుతో నొక్కి, వస్తువుకి దూరంగా చుట్టూ మట్టి వదులు చేయండి. తర్వాత కిందకి దిగి చేత్తో తియ్యొచ్చు.

కిందకి దిగడం అంటే ఎలా? విదేశీ వీడియోల్లో అందరూ మోకాళ్ల మీద కూర్చుంటారు, మనవాళ్లు గొంతుక్కూర్చుంటారు. మడమలు నేలకి ఆని కూర్చోగలిగితే గొంతుక్కూర్చోవడం తప్పేమీ కాదు, మన ఒంటికి అలవాటే. కానీ అలా కూర్చుని చేతులు ముందుకి చాచి తవ్వితే వీపు విల్లులా వంగుతుంది, బరువంతా నడుం మీదే. నాకు బాగా పడింది ఒక మోకాలు నేల మీద, రెండో పాదం నేలకి ఆనించి, గుంట పొట్టకి దగ్గరగా ఉండేలా కూర్చోవడం. లేచేటప్పుడు చెయ్యి తొడ మీద వేసి లేవాలి. మోకాలి కింద ప్యాడ్ లేదంటే మడత పెట్టిన గోనె, గుంట గుంటకీ మోకాలు మార్చడం. మిర్చి యార్డులో హమాలీలు టిక్కీ, అదే మిరపకాయల బస్తా, ఎత్తేటప్పుడు చూడండి, ఒంటికి ఆనించుకుని లేస్తారు గానీ చాచిన చేతులతో ఎత్తరు. తవ్వేవాడికీ అదే సూత్రం. పైగా ఒళ్లు ముందుకి వంగి ఉన్నప్పుడే పక్కకి తిరిగి మట్టి విసరడం ఉంది చూశారూ, నడుం పట్టేసేది సరిగ్గా అక్కడే. తిరగాలంటే పాదాలతో సహా తిరగండి.

బీచ్‌లో వేరే తిప్పలు. పొడి ఇసకలో నడిస్తే పిక్కలు లాగుతాయి, తడి ఇసక మీద నడక సులువే గానీ ఉప్పునీటికి చాలా మిషన్లు గోల చేస్తాయి. ఒడ్డు వాలుగా ఉంటుంది కాబట్టి ఒకే దిక్కుకి గంటసేపు పోతే ఒక కాలు పల్లంలో, ఒక కాలు మెరకలో ఉండి తుంటి ఒక పక్క నొప్పెడుతుంది. కాసేపటికోసారి వెనక్కి తిరిగి రండి. తడి ఇసక తట్టనిండా ఎత్తడం వద్దు, సగమే ఎత్తి అలలో జల్లించుకోండి.

మెడ గురించి ఒక ముక్క. తల బరువు నాలుగైదు కేజీలు ఉంటుంది, తెరమీద అంకెల కోసం దాన్ని వంచి పెట్టుకుని తిరిగితే సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. హెడ్‌ఫోన్ పెట్టుకుని చెవితో వెతకండి, శబ్దం వచ్చినప్పుడే తెర చూడండి. నడుం సంచీలో చెత్త ఒకే పక్క పేరుకోనివ్వకండి.

ఎండ సంగతి మనకి ఎవరూ చెప్పక్కర్లేదు, వేసవిలో పొద్దున్నే వెళ్లి తొమ్మిదింటికల్లా వచ్చేయడమే. కానీ చాలామంది చేసే పని ఒకటుంది, నొప్పి వస్తుందని ముందే ఒక డైక్లోఫెనాకో ఇబుప్రోఫెనో వేసుకుని చేలోకి దిగుతారు. అది వద్దు. నొప్పి తెలియకపోతే ఎక్కడ ఆగాలో తెలియదు, పైగా చెమట పట్టి ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఆ మాత్రలు కిడ్నీలకి చేటు. నీళ్లు, మజ్జిగ, ఓఆర్ఎస్ దగ్గర పెట్టుకోండి. ఇంటికొచ్చాక వేడినీళ్ల స్నానం, కాపడం హాయిగా ఉంటాయి, కానీ రెండు రోజులు మంచం ఎక్కేయకండి, మెల్లగా నడుస్తూ ఉంటేనే కండరం త్వరగా వదులవుతుంది.

నొప్పి పిరుదు మీదుగా కాలి కిందకి దిగుతుంటే, వేళ్లు తిమ్మిరెక్కి పట్టు జారుతుంటే, రెండు మూడు వారాలైనా మోచెయ్యి తగ్గకపోతే డాక్టరుకి చూపించుకోవాలి. కాళ్లు బలం లేక తూలుతుంటే, మూత్రం మీద అదుపు తప్పితే, కూర్చునే చోట స్పర్శ తెలియకపోతే మాత్రం ఒక్క పూట కూడా ఆగకూడదు, ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. డాక్టరు దగ్గర మెటల్ డిటెక్టర్ అని చెప్పడానికి మొహమాటపడి పొలం పని చేశానండీ అని సరిపెట్టకండి. ఏ చేత్తో ఊపుతారు, గంటకి ఎన్నిసార్లు వంగుతారు, ఏ పక్క మోకాలు ఆనిస్తారు అని చెబితేనే ఆయనకి లెక్క తెగుతుంది.