498 మంది ఒక్కటైనా చాలదు: మయన్మార్ పార్లమెంటులో సైన్యం సీట్ల లెక్క

మయన్మార్ పార్లమెంటులో నాలుగో వంతు సీట్లు సైన్యానివి. ఈ మాట దాదాపు అందరికీ తెలుసు. ఆ నాలుగో వంతు దేనికి సరిపోతుంది, దేనికి సరిపోదు అన్నది మాత్రం ఎవరూ విడమరిచి చెప్పరు. ఆ దేశంలో గత పదిహేనేళ్లలో జరిగినవాటిలో చాలా భాగం ఆ లెక్కలోనే ఉంది. కాబట్టి అంకెలతోనే మొదలుపెడదాం.

2008 రాజ్యాంగం ప్రకారం సభలు రెండు. దిగువ సభ ప్యీతూ హ్లుత్తాలో 440 సీట్లు. వాటిలో టౌన్‌షిప్ (జిల్లాకు కింది పాలనా విభాగం) ప్రాతిపదికన ప్రజలు ఎన్నుకునేవి 330, సర్వసైన్యాధ్యక్షుడు నింపేవి 110. ఎగువ సభ అమ్యోతా హ్లుత్తాను జాతుల సభ అంటారు. అక్కడ జనాభాతో పని లేదు. 14 రాష్ట్రాలు, ప్రాంతాలకు తలా 12 చొప్పున 168 మంది ఎన్నికవుతారు. 2014 జనగణనలో మూడు లక్షలు కూడా లేని కయా రాష్ట్రానికీ, 73 లక్షలు దాటిన యాంగోన్‌కూ అవే పన్నెండు. దీనిమీద ప్రతి రాష్ట్రానికీ నలుగురు చొప్పున మరో 56 మంది సైనికులు వస్తారు. రెండు సభలూ కలిసి కూర్చుంటే 664 మంది. వారిలో 166 మంది యూనిఫాంలో ఉంటారు.

ఈ 166 మందిని నియమించే పద్ధతి చాలా సులువైనది. సర్వసైన్యాధ్యక్షుడు పేర్ల జాబితా ఇస్తాడు, ఎన్నికల సంఘం దాన్ని ప్రకటిస్తుంది. ఓటింగు లేదు, అధ్యక్షుడి ఆమోదం అక్కర్లేదు. కావాలనుకున్నప్పుడు పాతవారిని వెనక్కి పిలిచి కొత్తవారిని పంపవచ్చు. మొదట్లో వచ్చినవారిలో ఎక్కువమంది మేజర్, కెప్టెన్ స్థాయివాళ్లే. 2012 ఉప ఎన్నికల్లో గెలిచి ఆంగ్ సాన్ సూకీ సభకు వస్తున్న సమయానికి వారిలో పదుల సంఖ్యలో మార్చేసి పై హోదా అధికారులను పంపారు. సైనిక సభ్యుడికి నియోజకవర్గం ఉండదు, జవాబు చెప్పుకోవాల్సిన ఓటరు ఉండడు. పై అధికారి మాటే విప్.

ఎన్నికై రావాలంటే మాత్రం షరతులు గట్టివే. దిగువ సభకు 25, ఎగువ సభకు 30 ఏళ్లు నిండాలి. వరసగా పదేళ్లు దేశంలో నివాసం ఉండాలి. తల్లిదండ్రులిద్దరూ పౌరులై ఉండాలి. ఈ చివరి షరతు మనవాళ్లకు తగిలేది. బర్మా నుంచి తిరిగొచ్చిన తెలుగు కుటుంబాలు విశాఖలో బర్మా క్యాంపుగా స్థిరపడ్డాయి, అక్కడే ఉండిపోయినవారూ ఉన్నారు. వారి సంతతికి పార్లమెంటు దారి ఈ పౌరసత్వ కాగితాల దగ్గరే మూసుకుపోగలదు.

ఇక సాధారణ బిల్లుల సంగతి. ఇక్కడ సైన్యానికి వీటో లేదు. సగానికి ఒక్కరు ఎక్కువుంటే బిల్లు నెగ్గుతుంది. 2016 ఏప్రిల్‌లో సూకీ కోసం ప్రధానమంత్రి లాంటి స్టేట్ కౌన్సిలర్ పదవి సృష్టించే బిల్లు వచ్చినప్పుడు సైనిక సభ్యులు నిరసన తెలిపి ఓటింగుకు దూరంగా ఉన్నారు. అయినా అది చట్టమైంది. అధ్యక్షుడు కూడా చట్టాన్ని శాశ్వతంగా ఆపలేడు. 14 రోజుల్లో సంతకం చేయాలి, లేదా అభిప్రాయం రాసి తిప్పి పంపాలి. సభ మళ్లీ పంపితే 7 రోజుల తర్వాత సంతకం లేకపోయినా అది చట్టమే.

అయితే ఆ సగం చేరుకోవడం అందరికీ ఒకేలా ఉండదు. ఉమ్మడి సభలో సగం దాటాలంటే 333 మంది కావాలి. సైన్యానికి అనుకూలమైన పార్టీ యూఎస్‌డీపీకి 498 ఎన్నిక సీట్లలో 167 వస్తే చాలు, మిగతా 166 ముందే సిద్ధంగా ఉన్నాయి. ఎదుటి పార్టీ మొత్తం 333నూ ఓట్లతోనే గెలవాలి. అంటే ఎన్నిక జరిగే సీట్లలో మూడింట రెండు వంతులు. 2015లో సూకీ పార్టీ ఎన్‌ఎల్‌డీ 390, 2020లో 396 గెలిచింది కాబట్టి ఈ వంపు బయటికి కనబడలేదు. మామూలు మెజారిటీతో గెలిచే పార్టీ అయితే ప్రభుత్వం ఏర్పాటు చేయడమే కష్టమయ్యేది.

అసలు తాళం 436వ అధికరణ. రాజ్యాంగ సవరణ ప్రతిపాదించడానికి 20 శాతం సభ్యులు చాలు, అంటే 133 మంది. నెగ్గడానికి మాత్రం మొత్తం సభ్యుల్లో 75 శాతం "కంటే ఎక్కువ" కావాలి. 664లో 75 శాతం సరిగ్గా 498. ఎన్నికైనవారు కూడా సరిగ్గా 498. దేశంలోని ప్రతి పార్టీ, ప్రతి స్వతంత్రుడు ఒక్కటై ఓటేసినా ఇంకొక్క ఓటు తక్కువ. ఆ ఒక్క ఓటూ యూనిఫాంలో ఉన్నవాడిదే కావాలి. సైన్యం సీట్లను నిర్దేశించే 109, 141 అధికరణల వంటివాటికి ఆ తర్వాత ఇంకో మెట్టు ఉంది: ప్రజాభిప్రాయ సేకరణలో, ఓటు వేసినవారిలో కాదు, ఓటు హక్కు ఉన్న అందరిలో సగానికి మించి ఒప్పుకోవాలి. 436ను మార్చాలన్నా ఇదే దారి. 2020 మార్చిలో ఎన్‌ఎల్‌డీ సైన్యం వాటాను ఒక్కో ఎన్నికకూ 15, 10, 5 శాతానికి తగ్గించుకుంటూ పోదామని ప్రతిపాదించింది. అది ఓడిపోయింది. గట్టెక్కినవి కొన్ని మాటల సవరణలే.

ఖాళీ సీట్లు దీన్ని ఇంకా బిగిస్తాయి. సాయుధ పోరు సాగుతున్నచోట ఎన్నికల సంఘం పోలింగు రద్దు చేస్తుంది. తగ్గేది ఎన్నికయ్యే సీట్లే, సైన్యం సీట్లు ఎప్పుడూ నిండే ఉంటాయి. 2015లో 491 సీట్లకే ఎన్నిక జరిగింది. 2020లో 476కే. నిండిన సీట్లనే మొత్తంగా తీసుకుంటే 2020 తర్వాత సభ 642 మందిది, సవరణకు 482 కావాలి, అంటే ఆరుగురు సైనికుల ఓటు తప్పనిసరి. మొత్తం 664నే తీసుకుంటే 23 మంది కావాలి. ఎటు లెక్కేసినా తాళం బిగిసేదే. 2020లో రద్దయిన నియోజకవర్గాల్లో ఎక్కువ రఖైన్‌లోనివి. జాతుల సభ ఎవరి గొంతు కోసం పుట్టిందో వారి కుర్చీలే ఖాళీ అయ్యాయి. అదే రాష్ట్రం పేరిట వచ్చిన నలుగురు సైనికుల కుర్చీలు మాత్రం నిండి ఉన్నాయి. ఈ రాజ్యాంగంలో నాకు అన్నిటికంటే అన్యాయంగా తోచేది ఇదే.

ఇండోనేసియాతో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. అక్కడి 500 మంది సభలోనూ సైన్యానికి సీట్లు ఉండేవి. అవి 100 నుంచి 75కు, 1999లో 38కి, 2004లో సున్నాకు వచ్చాయి. దిగువ సభలో సైన్యం సీట్ల సంఖ్య అక్కడ మామూలు చట్టంలో ఉండేది, మామూలు మెజారిటీతో మార్చగలిగారు. మయన్మార్‌లో అదే సంఖ్యను రాజ్యాంగంలో పెట్టి, దాన్ని మార్చే దారికి కాపలా కూడా ఆ సీట్లకే అప్పగించారు.

సభలో నాలుగో వంతు ఉండటం వల్ల ఇంకో రెండు పనులు జరుగుతాయి. అధ్యక్షుడిపై అభిశంసన ఆరోపణకు ఏదో ఒక సభలో నాలుగో వంతు సంతకాలు చాలు. దిగువ సభలో 440కి 110 సరిగ్గా అంతే. నెగ్గాలంటే మూడింట రెండు వంతులు కావాలి, అది వేరే సంగతి. ఉమ్మడి సభ ప్రత్యేక సమావేశం కోరడానికీ నాలుగో వంతే చాలు. 2021 జనవరిలో, 2020 ఎన్నికల ఓటర్ల జాబితాలపై చర్చించాలంటూ సైనిక సభ్యులు, వారి అనుకూలురు 200 మందికి పైగా ఇదే కోరారు. స్పీకరు ఒప్పుకోలేదు.

ఇవన్నీ ఒక ఎత్తు, అధ్యక్ష ఎన్నిక ఒక ఎత్తు. ఎన్నికైన దిగువ సభ్యులు ఒక గుంపు, ఎన్నికైన ఎగువ సభ్యులు ఒక గుంపు, సైనిక సభ్యులంతా కలిసి మూడో గుంపు. తలా ఒక ఉపాధ్యక్షుణ్ణి ఎంచుతాయి. తర్వాత సభ మొత్తం ఓటేస్తే ఎక్కువ ఓట్లు వచ్చినవాడు అధ్యక్షుడు, మిగిలిన ఇద్దరూ ఉపాధ్యక్షులు. సభ్యుడికి ఒక్క ఓటే. కాబట్టి గెలిచే పార్టీ తన ఓట్లను తన అభ్యర్థి మీదే కుమ్మరించాలి, రెండో అభ్యర్థికి మిగిలేది కొద్దే. 2016లో ఎన్‌ఎల్‌డీ అభ్యర్థి టిన్ క్యాకు 360, సైన్యం అభ్యర్థి మింట్ స్వేకు 213, ఎన్‌ఎల్‌డీ రెండో అభ్యర్థి హెన్రీ వాన్ తియోకు 79 వచ్చాయి. అధ్యక్ష పదవి ఖాళీ అయితే రెండో స్థానంలో నిలిచినవాడే తాత్కాలిక అధ్యక్షుడు. అంటే సభలో ఎంత ఘోరంగా ఓడినా, అధ్యక్షుడి తర్వాతి కుర్చీ సైన్యం మనిషికే దక్కేట్టు ఈ ఏర్పాటు ఉంది.

2021 ఫిబ్రవరి 1న, కొత్త పార్లమెంటు కొలువుదీరాల్సిన ఉదయం, అధ్యక్షుడు విన్ మింట్‌ను నిర్బంధించారు. మింట్ స్వే తాత్కాలిక అధ్యక్షుడై 417వ అధికరణ కింద అత్యవసర పరిస్థితి ప్రకటించి, 418 కింద అధికారాన్ని సర్వసైన్యాధ్యక్షుడు మిన్ ఆంగ్ హ్లైంగ్‌కు అప్పగించాడు. అధ్యక్షుణ్ణి బలవంతంగా తొలగించి పదవి "ఖాళీ అయింది" అనడం రాజ్యాంగాన్ని ఉల్లంఘించడమే, నా దృష్టిలో అందులో అనుమానం లేదు. కానీ ఆ సంతకం పెట్టే చెయ్యి ఎక్కడినుంచి వచ్చిందంటే, ఎవరూ ఎన్నుకోని ఆ 166 మంది నుంచే.

ఎన్‌ఎల్‌డీని 2023లో రద్దు చేశారు. 2025 డిసెంబరు 28న ఎన్నికలు విడతలుగా మొదలైనప్పుడు చాలా టౌన్‌షిప్‌లలో పోలింగే పెట్టలేదు. దిగువ సభలో ఎన్ని టౌన్‌షిప్‌ల కుర్చీలు ఖాళీగా ఉన్నా, సైన్యం వాటా 110 నుంచి ఒక్కటీ తగ్గదు.