సినిమా చూస్తే ఉచ్చారణ దానంతటదే వస్తుందా?

మా చిన్నదానికి ఈ రోజు స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులో ఇచ్చిన సలహా విన్నప్పటి నుంచి నా మనసు కుదురుగా లేదు. రోజుకొక హాలీవుడ్ సినిమా చూస్తే అమెరికా యాస దానంతటదే వచ్చేస్తుందని చెప్పి పంపించారట. ఏ సన్నివేశం చూడాలి, దేన్ని గమనించాలి, చూశాక నోటితో ఏం సాధన చేయాలి అన్న ఊసే లేదు. అది రెండు గంటలూ సబ్‌టైటిల్స్ చదువుకుంటూ కూర్చుంది. కథంతా చెప్పగలిగింది గాని, ఒక్క వాక్యమైనా నటి పలికినట్టు పలకలేకపోయింది. నేర్పవలసిన పనిని తెరకు అప్పగించి, రాకపోతే పిల్లకు శ్రద్ధ లేదనడం అన్యాయం.

అసలు సినిమాలే వద్దని మా ఆయనతో వాదించాను. రచయిత రాయగా నటులు సాధన చేసి, తరచుగా స్టూడియోలో మళ్లీ డబ్బింగ్ చెప్పే మాట నిత్యజీవితపు మాట ఎలా అవుతుంది? 1930లలో, 40లలో హాలీవుడ్ నటులు చాలామంది పలికిన, అటు బ్రిటన్‌దీ ఇటు అమెరికాదీ పూర్తిగా కాని ఉచ్చారణ శిక్షణతో అబ్బినదే.

అంతలో పెదనాన్న గుర్తుకు వచ్చారు. ఆయన వీడియో క్యాసెట్‌లో ఒకే సన్నివేశాన్ని వెనక్కి తిప్పి తిప్పి వినేవారు. ముందు తెర చూడకుండా విని, ఏ మాట మీద ఊనిక పడిందో, అంటే దేన్ని నొక్కి పలికారో, కాగితం మీద గీత పెట్టుకునేవారు; తరువాత ముఖాలు చూస్తూ, నటుడి వెన్నంటే అదే వేగంతో పలికేవారు. ‘ఫొటోగ్రాఫ్’లో మొదటి అక్షరం మీద ఉండే ఊనిక ‘ఫొటోగ్రఫీ’లో రెండో అక్షరానికి జరుగుతుందని, అప్పుడు మొదటి అచ్చు బలహీనపడుతుందని నాకు చెప్పింది ఆయనే. ప్రతి అక్షరాన్నీ నిండుగా పలకడం మన భాషకు అందం. ఇంగ్లీషులో మాత్రం ‘ఆఫ్’, ‘టు’, ‘అండ్’ వంటి చిన్న మాటలు అణిగితేనే ముఖ్యమైన మాటలు పైకి తేలుతాయి. ఇది పుస్తకంలో చదివితే అర్థమవుతుంది గాని నోటికి రాదు. కోపంలో వాక్యం ఎక్కడ తెగుతుందో, అనుమానంతో అడిగినప్పుడు గొంతు ఎలా లేస్తుందో, మనిషి ముఖం చూస్తూ వింటేనే పట్టుబడుతుంది. కాబట్టి సినిమా ఉండాలి, అయితే ఒకటి రెండు నిమిషాల ముక్కగా ఉండాలి.

అమెరికా యాసే రావాలన్న మాట మాత్రం ఇంకా మింగుడుపడడం లేదు. మనం ఒకే ‘వ’ పలికే చోట ఇంగ్లీషులో రెండు ధ్వనులున్నాయి: ఒకదానికి పై పళ్లు కింది పెదవిని తాకాలి, రెండోదానికి పెదవులు గుండ్రంగా ముడుచుకోవాలి. ఎదుటివారికి మాట తేలికగా అందడానికి పనికివచ్చే అటువంటివి నేర్పకుండా, ఒక దేశపు యాస ఉంటేనే గౌరవమని పిల్లకు అనిపించేలా చేయడం నాకు బాధగా ఉంది.

రేపు సంగీతం అడ్డురాని సంభాషణ ఒకటి వెతికి, మొదట సబ్‌టైటిల్స్ లేకుండా, తరువాత ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌తో చూపించి, దాని గొంతు ఫోన్‌లో రికార్డు చేసి రెండూ పక్కపక్కన వినిపిస్తాను. నటి అమెరికా ఆవిడో, ఐర్లండ్ ఆవిడో, నైజీరియా ఆవిడో చిన్నదే ఎంచుకుంటుంది.